ముందుగదిలో గ్రీకు బొమ్మ



ఆ మధ్య మా చిన్నాన్నగారి అమ్మాయి కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసింది. పాలు పొంగాయి, వ్రతం అయింది, భోజనాలు అయ్యాయి. ఆ తరువాత మామూలే కదండీ, ఆడవాళ్ళమంతా గదిగదీ చూస్తూ తిరిగాం. గుమ్మం దాటి లోపల అడుగు పెట్టగానే, చెప్పుల స్టాండు పక్కన, ఒక ఎత్తుపీట మీద మూరెడు పొడుగున తెల్లని బొమ్మ ఒకటి కనిపించింది. నడుము నుంచి కిందకు వస్త్రం చుట్టుకున్న స్త్రీమూర్తి. రెండు చేతులూ లేవు. మా మరిదికి ఆఫీసు స్నేహితులు కానుకగా ఇచ్చారట.

మా చెల్లెలి అత్తగారు దాన్ని కిందా మీదా చూసి, "ఏమే అమ్మాయ్, చేతులు విరిగిన బొమ్మను ఎవరు తెచ్చారే? భిన్నమైన విగ్రహం ఇంట్లో ఉండకూడదమ్మా" అన్నారు.

"అది విరగలేదు అత్తయ్యా, అలాగే ఉంటుంది. చాలా గొప్ప విగ్రహానికి నకలు అది" అన్నది మా చెల్లెలు.

"విరిగినదానికి నకలు తీయడమేమిటే! పైగా నకలు కోసమా ఇంత మురిసిపోవడం?" అన్నారావిడ. అందరం నవ్వేశాం.

నవ్వాను గాని, ఇంటికి వచ్చేదాకా ఆ మాటలు నన్ను వదలలేదు. విరిగినదాన్ని ఇంట్లో పెట్టుకోవచ్చునా? అసలు కానిదాన్ని అపురూపంగా చూసుకోవచ్చునా? ఆవిడ చదువుకోకపోయినా, ఆవిడ అడిగిన ఈ రెండు ప్రశ్నలూ రెండువేల ఏళ్ళుగా రాజులూ పండితులూ శిల్పులూ తమలో తాము వేసుకుంటూ వచ్చినవే. గ్రీకు శిల్పాల నకళ్ళు ఇళ్ళల్లోకి ఎలా వచ్చాయో ఆ కథ ఈవేళ చెప్పుకుందాం.

ముందుగా ఒక సంగతి. ప్రాచీన గ్రీకులు ఈ పెద్ద విగ్రహాలను ఇంటి అలంకారం కోసం చేయలేదు. గుళ్ళలో దేవతామూర్తులుగానూ, గుడి ఆవరణలో మొక్కుబడి కానుకలుగానూ, సమాధుల మీద గుర్తులుగానూ, ఆటలపోటీల్లో నెగ్గినవారి జ్ఞాపకంగానూ నిలబెట్టారు. ఇళ్ళల్లో ఉండేవి చిన్న చిన్న మట్టిబొమ్మలు. గ్రీసులో టనాగ్రా అనే ఊరి సమాధుల్లో 1870 తరువాత ఇలాంటి బొమ్మలు కుప్పలుగా బయటపడ్డాయి. పమిట నిండుగా కప్పుకున్నట్టు పైవస్త్రం చుట్టుకుని, చేత విసనకర్ర పట్టుకుని నిలబడిన స్త్రీలు. వాటిని మూసల్లో అచ్చు తీసి, కాల్చి, రంగులు వేసేవారు. మన సంక్రాంతి బొమ్మల కొలువులో పెడితే పరాయివని ఎవరూ అనుకోరు.

పెద్ద విగ్రహాల సంగతి వేరు. క్రీ. పూ. 4వ శతాబ్దంలో ప్రాక్సిటెలీస్ అనే శిల్పి ప్రేమదేవత ఆఫ్రొడైటీ విగ్రహాలు రెండు చెక్కాడనీ, ఒకటి వస్త్రాలతోనూ మరొకటి వస్త్రాలు లేకుండానూ ఉన్నాయనీ రోమను రచయిత ప్లినీ రాశాడు. కోస్ ద్వీపం వారు మర్యాదగా ఉంటుందని వస్త్రాలున్న దాన్ని కొనుక్కున్నారట. మిగిలిపోయిన రెండోదాన్ని క్నిడోస్ పట్టణం వారు తీసుకున్నారు. ఆ మిగిలినదాని కోసమే జనం ఓడలెక్కి వచ్చారు. ఒక రాజు, ఆ విగ్రహం ఇస్తే మీ ఊరి అప్పంతా నేను తీరుస్తానన్నా ఊరివారు ఇవ్వలేదట.

మరి ఆ విగ్రహం ఇప్పుడెక్కడుంది? ఎక్కడా లేదు. పోయింది. దాన్ని చూసి తరువాతివారు చేయించుకున్న నకళ్ళు మాత్రం ఎన్నో మ్యూజియముల్లో ఉన్నాయి. ఆవిడ ఎలా నిలబడేదో, తల ఎటు తిప్పేదో మనకు తెలిసిందంటే ఆ నకళ్ళ పుణ్యమే.

ఈ నకళ్ళు చేయించుకున్నవారు ముఖ్యంగా రోమనులు. క్రీ. పూ. 146లో మమ్మియస్ అనే రోమను సేనాని గ్రీసులోని కొరింథు పట్టణాన్ని కొల్లగొట్టి, విగ్రహాలనూ చిత్రాలనూ ఓడల కెక్కించాడు. పాపం ఆయనకు కళల సంగతి అంతగా తెలియదు. దారిలో ఏదైనా పాడుచేశారంటే దానికి బదులు కొత్తది చేయించి ఇవ్వవలసి ఉంటుందని ఓడవాళ్ళను బెదిరించాడట! రోములో చాలాకాలం ఈ కథ చెప్పుకుని నవ్వుకునేవారు. అయితే అలా వచ్చిన విగ్రహాలను చూసి, డబ్బున్న ప్రతి రోమను గృహస్థుకూ తన తోటలో, తన పుస్తకాల గదిలో ఒక గ్రీకు విగ్రహం ఉండాలనిపించింది. అసళ్ళు అందరికీ ఎక్కడినుంచి వస్తాయి? గ్రీకు శిల్పులే రోమనుల కోసం నకళ్ళు చెక్కడం మొదలుపెట్టారు. కంచు విగ్రహానికి పాలరాతి నకలు తీసినప్పుడు రాయి బరువు ఆగదని కాలి పక్కన ఒక చెట్టుమోడు చెక్కేవారు. మ్యూజియం బొమ్మల్లో వీరుడి కాలికి ఆనుకుని ఒక మోడు కనిపిస్తే, చాలాసార్లు అది నకలుకు గుర్తు.

సిసిరో పేరు వినే ఉంటారు. రోములో గొప్ప వక్త, వకీలు. ఆయన ఉత్తరాలు మిగిలాయి కనుక, ఆయన ఇల్లు ఎలా సర్దుకున్నాడో మనకు తెలుసు. క్రీ. పూ. 67 ప్రాంతంలో ఏథెన్సులో ఉన్న స్నేహితుడు అట్టికస్‌కు ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. మెగారా నుంచి విగ్రహాలు కొనిపెట్టమనీ, త్వరగా ఓడ మీద పంపమనీ, చదువుకునే చోటికి తగినవి ఏవి దొరికినా వదలవద్దనీ. ఆ మెగారా విగ్రహాలకు 20,400 సెస్టర్సులు చెల్లించాడు. తరువాత కొన్నేళ్ళకు మరో స్నేహితుడు ఆయన కోసం బజారులో నాలుగైదు విగ్రహాలు కొన్నాడు. అవి తాగి చిందులు వేసే మద్యదేవుడి పరిచారికలూ, యుద్ధదేవుడు మార్సూనూ! సిసిరోకు తల తిరిగిపోయింది. చదువుల దేవతలైతే నా పుస్తకాల గదికి నప్పేవి, ఈ చిందులాడేవాళ్ళను నేనెక్కడ పెట్టను, శాంతి కోరే నాకు యుద్ధదేవుడు ఎందుకయ్యా అని వాపోయాడు. ప్రపంచంలోని విగ్రహాలన్నిటికీ నేను ఇవ్వనంత సొమ్ము పోశావు అని కూడా అన్నాడు. మనవాళ్ళు మనల్ని అడక్కుండా కర్టెన్లు కొనుక్కొచ్చినప్పుడు మనం పడే బాధ ఇదే కదూ!

ఇక్కడ ఒక నీతి ఉంది. సిసిరో అసలా నకలా అని అడగలేదు. ఈ గదికి ఈ బొమ్మ తగునా అని అడిగాడు. దీన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

క్రీ. శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి పాంపేయి, హెర్క్యులేనియం పట్టణాలు బూడిద కింద పడిపోయాయి. 1750లో హెర్క్యులేనియం దగ్గర ఒక పెద్ద భవనం తవ్వకాల్లో దొరికింది. ఒక్క ఆ ఇంట్లోనే 80కి పైగా విగ్రహాలున్నాయి. చాలా భాగం గ్రీకు శిల్పాల నకళ్ళు. తోటలో పరుగెత్తే కుర్రవాళ్ళు, నీటితొట్టి చుట్టూ స్త్రీమూర్తులు, నడవల్లో తత్వవేత్తల తలలు. అసలు విగ్రహాలు ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉన్నాయి. అమెరికా చమురు కోటీశ్వరుడు పాల్ గెట్టీ ఆ ఇంటి నమూనాలోనే కాలిఫోర్నియాలో మ్యూజియం కట్టించాడు. 1974లో తెరిచారు. దాని తోటలో ఆ కంచు విగ్రహాలకు మళ్ళీ నకళ్ళు పెట్టారు. అంటే గ్రీకు అసలుకు రోమను నకలు, ఆ నకలుకు అమెరికా నకలు!

రోమను శిల్పులు ఈ పని ఎలా చేసేవారో 1954లో బయటపడింది. నేపుల్స్ దగ్గర బయె అనే ఊళ్ళో ప్లాస్టరు ముక్కలు వందలకొద్దీ దొరికాయి. అవి గ్రీకు కంచు విగ్రహాల మీదనుంచే నేరుగా తీసిన అచ్చులు. ఆ కంచు విగ్రహాలను తరువాతి కాలంలో కరిగించి ఇతర అవసరాలకు వాడేసుకున్నారు. బంగారంలాంటి కంచు పోయింది, పెళుసు ప్లాస్టరు మిగిలింది. విచిత్రం కదా!

రోము పడిపోయింది. విగ్రహాలు కొన్ని సున్నపుబట్టీల్లో పడ్డాయి, కొన్ని మట్టికింద నిద్రపోయాయి. 1506 జనవరిలో రోములో ఒక ద్రాక్షతోటలో తవ్వుతుంటే పెద్ద విగ్రహ సముదాయం బయటపడింది. ట్రాయ్ నగరపు పురోహితుడు లవోకూన్, అతని ఇద్దరు కొడుకులు, వారిని చుట్టేసిన పాములు. పోపుగారు పిలిపిస్తే చూడడానికి వెళ్ళినవారిలో మైకెలాంజిలో ఒకడు. పురోహితుడి కుడిచేయి మాత్రం లేదు.

మా చెల్లెలి అత్తగారి మొదటి ప్రశ్న ఇక్కడ వస్తుంది. ఆ రోజుల్లో ఇటలీవారు కూడా ఆవిడలాగే అనుకున్నారు. విరిగిన విగ్రహం చూడడానికి బాగుండదు, అతికించి నిండుగా చేయాలి అని. 1530 తరువాత ఒక శిల్పి పైకి చాచిన కొత్త చేయి చేసి పెట్టాడు. ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్సిస్‌కు ఈ విగ్రహాల మీద మనసు పోయింది. పోపు అసళ్ళు ఇవ్వడు కదా! 1540లో ప్రిమటీచియో అనే కళాకారుణ్ణి రోముకు పంపి, అచ్చులు తీయించి, ఫాన్‌టెన్‌బ్లో రాజభవనంలో కంచులో పోత పోయించుకున్నాడు. అది చూసి ఇతర రాజులూ అదే బాట పట్టారు. తరువాత నాలుగు వందల ఏళ్ళ పాటు యూరోపంతటా వ్యాపించిన లవోకూన్ నకళ్ళలో చాలా వాటికి ఆ చేయి పైకే చాచి ఉంటుంది.

1906లో లుడ్విగ్ పొల్లాక్ అనే పురావస్తు పండితుడికి రోములో ఒక రాళ్ళపనివాడి దొడ్లో పాలరాతి చేయి ఒకటి కనిపించింది. మోచేతి దగ్గర వెనక్కి వంగి ఉంది. పరీక్షించగా అది లవోకూన్ విగ్రహానిదేనని చివరకు వాటికన్ వారు 1957లో నిర్ణయించి, పాతచేయి తీసేసి దీన్ని అతికించారు. అంటే ముందువారు వేసిన చేయి తప్పు. అతుకు పెట్టేవాడు తన ఊహను అతుకుతాడు గాని, పోయినదాన్ని తేలేడు.

ఈ సంగతి గట్టిగా చెప్పినవాడు ఇటలీ శిల్పి కనోవా. ఇంగ్లీషు ప్రభువు ఎల్గిన్ ఏథెన్సులోని పార్థినాన్ ఆలయం నుంచి శిల్పాలు ఊడదీసి పంపించుకున్నాడు. వాటి విరిగిన ముక్కులూ చేతులూ బాగుచేయమని 1803లో కనోవాను అడిగాడు. అంతటి శిల్పి, వాటి మీద ఉలి పెట్టడం అపచారం అని నిరాకరించాడు. అప్పటినుంచి పండితుల అభిప్రాయం మెల్లగా మారింది. 1820లో మీలోస్ ద్వీపంలో ఒక రైతుకు పొలంలో వీనస్ విగ్రహం దొరికింది. అదే మా చెల్లెలి ఇంట్లో బొమ్మకు అసలు. ఎత్తు 204 సెంటీమీటర్లు, ఆరున్నర అడుగుల పైమాటే. 1821లో పారిస్‌లోని లూవ్రు మ్యూజియం చేరింది. చేతులు పెడదామా అని అక్కడ తర్జనభర్జనలు జరిగాయి. ఒక చేత ఆపిల్ పండు ఉండేదని ఒకరు, అద్దం చూసుకునేదని ఒకరు, తలొక మాట. చివరకు పెట్టకపోవడమే మంచిదన్నారు. నూరేళ్ళ ముందు దొరికి ఉంటే ఆవిడకు ఎవరో ఒకరు చేతులు తగిలించేవారే.

ఇక రాజభవనాల నుంచి ఈ బొమ్మలు మామూలు ఇళ్ళకు ఎలా దిగివచ్చాయో చూడండి. 18వ శతాబ్దంలో ఇంగ్లండు జమీందార్ల పిల్లలు చదువు పూర్తికాగానే ఇటలీ యాత్ర చేసేవారు. తిరిగి వచ్చి, ఇంటి ముందు హాల్లో రోములో చూసిన విగ్రహాలు ఉండాలనేవారు. లండన్ దగ్గర సియాన్ హౌస్ అనే భవనంలో రాబర్ట్ ఆడం అనే వాస్తుశిల్పి 1760 తరువాత ఒక హాలు కట్టాడు. దానికి ఒక చివర అపోలో, రెండో చివర చనిపోతున్న గాల్ వీరుడు. రెండూ నకళ్ళే. గోడల రంగూ, నేల గళ్ళూ ఆ విగ్రహాలు ఎత్తి కనిపించేటట్టు ఏర్పాటు చేశాడు. జర్మనీలో గేటే మహాకవి వైమార్ ఇంట్లో పెద్ద జూనో దేవత తల ఒకటి పెట్టుకున్నాడు. ప్లాస్టరుదే. ఆ గదికి జూనో గది అనే పేరు. తరువాత పండితులు పరిశీలించి, అది దేవత తల కాదు, ఒక రోమను రాజకుటుంబపు స్త్రీ తల అని తేల్చారు. అయినా కవికి అది ఇచ్చిన ఆనందంలో లోటేముంది?

ఎల్గిన్ తెచ్చిన శిల్పాలను 1816లో బ్రిటిషు మ్యూజియం కొన్నది. అంతకు ముందు, 1811 నుంచే, జాన్ హెన్నింగ్ అనే స్కాట్లండు మనిషి వాటి ముందు కూర్చుని బొమ్మలు గీసుకునేవాడు. వడ్రంగి కొడుకు, తానూ వడ్రంగమే చేసినవాడు. పార్థినాన్ గోడ చుట్టూ ఉన్న ఊరేగింపు శిల్పాన్ని రెండంగుళాల ఎత్తుకు కుదించి, విరిగిన భాగాలు పూరించి, పలకరాతిలో మూసలు చెక్కాడు. పన్నెండేళ్ళ శ్రమ. వాటినుంచి తీసిన సన్నని ప్లాస్టరు పట్టీలు చక్కని పెట్టెల్లో అమ్మాడు. కళ్ళు కాయలు కాచేలా చేసిన ఆ పనిని ఇతరులు చల్లగా అచ్చు తీసుకుని యూరోపంతా అమ్ముకున్నారు. ఆయనకు దక్కింది స్వల్పం. గ్రీకువారి శిల్పానికి నకలు చేసినవాడు, తన నకలుకు నకళ్ళు వచ్చి నష్టపోయాడు. నకలులో కూడా ఒకరి కష్టం ఉంటుందని మనం మరచిపోతాం.

కష్టం అంటే మరొకరి సంగతి చెప్పాలి. ఇటలీలో లుక్కా పట్టణం చుట్టూ కొండపల్లెలున్నాయి. భూమి తక్కువ, ఆకలి ఎక్కువ. ఆ పల్లెల మగవాళ్ళూ, పదేళ్ళు నిండీ నిండని పిల్లలూ మూసలు మూటగట్టుకుని కాలినడకన దేశాలు పట్టిపోయేవారు. ఏ ఊరు చేరితే ఆ ఊళ్ళో ప్లాస్టరు కలిపి బొమ్మలు పోసి, చెక్కపలక మీద పేర్చి, తల మీద పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మేవారు. వీనస్, అపోలో, మేరీమాత, నెపోలియన్, చిలక, పిల్లి, అన్నీ ఒకే పలక మీద! మన వీధుల్లో తలమీద గంపతో బొమ్మలమ్మి కేక వేసినట్టే. పారిస్, లండన్, అమెరికా దాకా వెళ్ళారు. ఆ పల్లెల్లో ఒకటైన కొరేలియాలో ఇప్పుడు ఈ ప్లాస్టరు బొమ్మలకూ, వలసపోయినవారికీ ఒక మ్యూజియం ఉంది. ఎందరో మామూలు ఇల్లాళ్ళకు గ్రీకు శిల్పాన్ని పరిచయం చేసింది పండితులు కాదు, ఈ పల్లెపిల్లలు.

తరువాత యంత్రం వచ్చింది. ఫ్రాన్సులో కొలా, ఇంగ్లండులో షెవర్టన్ అనేవారు పెద్ద విగ్రహాన్ని కొలతప్పకుండా చిన్నదిగా చెక్కే యంత్రాలు చేశారు. ఒక పుల్ల అసలు విగ్రహం మీద తడుముతూ పోతుంటే, దానికి కలిపిన ఉలి రెండోవైపు చిన్నరాతిని అదే ఆకారంలో కోస్తుంది. షెవర్టన్ 1844లో హక్కు పత్రం పొందాడు. కొలాతో కలిసి 1838లో బార్బెడియెన్ అనే వ్యాపారి కంచు వీనస్‌లను రకరకాల సైజుల్లో అమ్మాడు. అదే రోజుల్లో, 1840 తరువాత, ఇంగ్లండు పింగాణీ కార్ఖానాలవారు పాలరాయిలా కనిపించే కొత్తరకం పింగాణీ తయారుచేశారు. గ్రీసులో పాలరాతికి పేరుపొందిన పారోస్ ద్వీపం పేరు మీద దానికి పేరియన్ అని పేరు. గుమాస్తా ఇంట్లో కూడా చలిమంట గూడు మీద గడియారం పక్కన ఒక పేరియన్ దేవత వెలిసింది. ధూళి పడకుండా పైన గాజు బుడ్డి!

ఇన్ని నకళ్ళు, అన్నీ తెలుపే. గ్రీకు శిల్పం అంటే మనకు తెలుపే గుర్తుకు వస్తుంది. 1764లో వింకెల్‌మన్ అనే జర్మను పండితుడు ప్రాచీన కళల చరిత్ర రాసి, తెల్లని శరీరమే ఎక్కువ అందమన్నాడు. ఆ మాట అలాగే నిలిచిపోయింది. నిజానికి గ్రీకు విగ్రహాలకు రంగులుండేవి. పెదవులకు ఎరుపు, జుట్టుకు రంగు, చీరఅంచుల్లా బట్టలకు నీలం, ఆకుపచ్చ అంచులు. ఏథెన్సులో దొరికిన క్రీ. పూ. 530 నాటి ఒక కన్య విగ్రహం మీద ఆ రంగుల జాడలు ఈనాటికీ ఉన్నాయి. 2003లో మ్యూనిక్ నగరంలో పండితులు ఆ రంగులతో నకళ్ళు చేసి ప్రదర్శిస్తే, చూసినవారు నివ్వెరపోయారు. మనకైతే అంత ఆశ్చర్యం ఉండకపోవచ్చు. కాటుకకళ్ళూ, పసుపు కుంకుమలూ, పట్టుచీరా లేని అమ్మవారిని మనం ఊహించలేం కదా! మట్టిలో రంగులు పోయిన తరువాత మిగిలిన తెలుపును చూసి, అదే అసలనుకుని, ప్రపంచమంతా తెల్లనకళ్ళు నింపారు. తెలుపు మీద మోజు ఎంతవరకూ పోయిందంటే, 1937-38లో బ్రిటిషు మ్యూజియంలో పార్థినాన్ శిల్పాలను ఇంకా తెల్లగా కనిపించాలని రాగిపనిముట్లతో గీకారు. రాతి పైపొర పోయింది.

ఇప్పుడు అత్తగారి రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. నకలు వల్ల ఏం లాభం అని కదా ఆవిడ అడిగింది? ఎల్గిన్ మనుషులు 1802లో పార్థినాన్ పడమటివైపు శిల్పాలకు ప్లాస్టరు అచ్చులు తీశారు. ఆ శిల్పాలు గుడి మీదే ఉండిపోయి, తరువాతి కాలంలో ఎండకూ వానకూ పట్టణపు పొగకూ అరిగాయి. ముఖాల వివరాలు అసలు రాతిలో పోయాయి, ప్లాస్టరులో ఉన్నాయి. పోయిన తల్లి పోలిక కూతురిలో వెతుక్కున్నట్టు, పండితులు ఇప్పుడు ఆ అచ్చుల్లో చూసుకుంటున్నారు.

20వ శతాబ్దం రాగానే పెద్దపెద్ద మ్యూజియములు నకళ్ళంటే చిన్నచూపు చూశాయి. అమెరికాలో బోస్టన్ మ్యూజియంలో 1904 ప్రాంతంలో దీని మీద పెద్ద గొడవే జరిగింది. 1909లో కొత్త భవనం తెరిచేటప్పటికి ప్లాస్టరు విగ్రహాలకు చోటు తగ్గిపోయింది. చాలాచోట్ల వాటిని నేలమాళిగల్లోకి తోశారు, కొన్నిటిని పగలగొట్టారు. కాని చూడండి, ఏథెన్సులో ఎరక్తియన్ ఆలయానికి స్తంభాల బదులు ఆరుగురు స్త్రీమూర్తులు కప్పు మోస్తుంటారు. ఒకరిని ఎల్గిన్ తీసుకుపోయాడు. మిగిలిన ఐదుగురినీ పొగ బారినుంచి కాపాడడానికి 1979లో లోపలికి తరలించారు. ఈనాడు గుడి మీద నిలబడి ఎండా వానా ఓర్చుకుంటున్నవారు నకళ్ళే. 2009లో తెరిచిన అక్రోపొలిస్ మ్యూజియంలో, లండన్ పోయిన పార్థినాన్ శిల్పాల స్థానంలో తెల్లని ప్లాస్టరు నకళ్ళు పెట్టారు. పుట్టినింట్లో నకలు, పరాయింట్లో అసలు.

ఈ బాధ మనకు కొత్త కాదు. మన అమరావతి స్తూపం శిల్పాలు వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి మద్రాసుకు తరలిస్తే, 1859లో అందులో చాలా భాగం లండన్‌కు వెళ్ళాయి. ఎల్గిన్ రాళ్ళున్నట్టే ఇలియట్ రాళ్ళని వాటికి పేరు. రెండూ ఇప్పుడు ఆ ఒక్క మ్యూజియంలోనే ఉన్నాయి.

యూరపు నకళ్ళు కూడా మన దేశానికి వచ్చాయి. కలకత్తాలో 1835లో రాజేంద్ర మల్లిక్ కట్టించిన మార్బుల్ ప్యాలెస్ నిండా పాశ్చాత్య విగ్రహాలే. మద్రాసు, బొంబాయి చిత్రకళాశాలల్లో విద్యార్థులు ప్లాస్టరు విగ్రహాలను చూసి బొమ్మలు గీయడం నేర్చుకునేవారు. మన హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కాను చూడని తెలుగువారుండరు. అది గ్రీకు విగ్రహం కాదు, 1876లో మొదటి సాలార్‌జంగ్ రోములో కొన్న ఇటలీ శిల్పి బెంజోనీ పని. ఆ శిల్పి కూడా అదే రెబెక్కాను ఒకటికంటే ఎక్కువసార్లు చెక్కి ఇచ్చాడు. ఆ సంగతి తెలిసినంత మాత్రాన, రాతిలో చెక్కిన ఆ పల్చని ముసుగు చూసి నోరు తెరవకుండా ఉండగలమా?

ఇక మన ఇంటి సంగతి. ఇలాంటి బొమ్మ మీ ఇంట్లో ఉంటే నాలుగు మాటలు చెబుతాను. ప్లాస్టరు బొమ్మను తడిగుడ్డతో తుడవకండి. జిప్సం రాతిని సుమారు 150 డిగ్రీల వేడిలో కాల్చి చేసిన పొడి అది. నీళ్ళు పీల్చుకుంటుంది, మరకలు లోపలికి దిగుతాయి. మెత్తని కుంచెతో దుమ్ము దులపండి. వంటింటి జిడ్డూ, అగరొత్తుల పొగా తగలని చోట పెట్టండి. రెసిన్ బొమ్మయితే మెత్తని తడిగుడ్డ పరవాలేదు గాని, ఎండ తగిలితే పసుపుపచ్చబడుతుంది. బొమ్మకు ఎదురుగా దీపం పెడితే ముఖం చప్పగా కనిపిస్తుంది. ఒక పక్కనుంచి వెలుతురు పడితే వస్త్రం మడతలు లేచి కనిపిస్తాయి. వెనుక గోడకు కొంచెం రంగు ఉండాలి. తెల్లగోడ ముందు తెల్లబొమ్మ ఉన్నా లేనట్టే. పది బొమ్మలు గుంపుగా పెట్టకండి, ఒక్కటి చాలు. కొనే ముందు సిసిరోను తలచుకుని, ఈ గదికి ఇది తగునా అని అడగండి.

భిన్న విగ్రహం మాట మిగిలింది. పెద్దలు చెప్పినది పూజావిగ్రహం గురించి. ఆవాహన చేసి, నైవేద్యం పెట్టి కొలిచే మూర్తికి లోపం ఉండకూడదని. ఆ మాటకు గౌరవం ఉంది. వీనస్ మన పూజగదిలోకి రాదు, రానక్కరలేదు. ముందుగదిలో ఆవిడ అతిథి. చేతులు లేవని దాచుకోకుండా, కాలం తీసుకున్నదాన్ని తీసుకోనిచ్చి, మిగిలిన దానితో నిటారుగా నిలబడిన అతిథి.

ఇదంతా ఒకనాడు మా చెల్లెలింటికి వెళ్ళి దాని అత్తగారికి చెప్పాను. ఆవిడ పప్పు ఏరుతూ ఓపిగ్గా విన్నారు. చివర్లో, "అయితే ఆవిడ వాళ్ళ దేశంలో దేవతేనంటావు?" అన్నారు.

"అవునండీ, ఒకప్పుడు గుళ్ళు కట్టి కొలిచారు."

ఆవిడ చేట పక్కన పెట్టి లేచారు. కోడలిని పిలిచారు. "ఏమే అమ్మాయ్, ఎవరి దేవతైతేనేం, చెప్పుల పక్కన పెడతారటే? ముందు అక్కడినుంచి తీయి" అన్నారు.

ఇన్ని పుస్తకాలు తిరగేసిన నాకు ఆ మాట తట్టలేదు సుమండీ. ఇప్పుడా బొమ్మ కిటికీ పక్కన, సన్నజాజి పందిరి కనిపించే చోట ఉంది. పొద్దున్నే ఒక పక్కనుంచి ఎండ పడుతుంది. వస్త్రం మడతలు చక్కగా కనిపిస్తాయి.